కూర్మావతారానికి టైల్స్ తొట్టి

బాబుగారూ, దిగపహండిలో మీ పెరటి తొట్టి కళ్లారా చూశాం. టైల్స్ అంచు, మధ్యలో ఫౌంటెన్, అడుగున అన్నం పళ్లెమంత తాబేలు. వాస్తు సిద్ధాంతి ఇత్తడిది చాలన్నాడట. మనకేం తక్కువని మీరు ప్రాణమున్నదే తెప్పించారు.

ఘోడాహాడ జలాశయం నుంచి వచ్చిందని మీ డ్రైవరు గొప్పగా చెబుతున్నాడు. అక్కడ మొసళ్లున్నాయి కాబట్టి దాన్ని కాపాడినట్టే లెక్క! తరతరాలుగా ఆ మొసళ్ల వల్ల కానిది, తాబేలుకు బురద లేకుండా చేయడం, మీరు ఒక్క మేస్త్రీతో చేయించారు. మీ తొట్టిలోని మెత్తడిప్ప తాబేలు బురదలోనో ఇసుకలోనో ఒళ్లు కప్పుకుని, మెడ పైకి సాచి ఊపిరి తీస్తుంది. మీ పనివాడేమో వారంవారం బ్లీచింగ్ చల్లి అడుగు తళతళలాడిస్తున్నాడు. ఈ మెత్తడిప్పల్లో గంగా జాతిది మూడడుగుల దాకా పెరుగుతుంది. అప్పుడు తొట్టి పెంచుతారా, తాబేలును కుదిస్తారా? చేపలూ నత్తలూ కుళ్లిన కళేబరాలూ తినేదానికి మరమరాలు పెట్టి, ఏకాదశికి అరటిపండు కూడానా! మనవడి వేలు అందిన రోజున వ్రతం చెడుతుంది, చూసుకోండి.

గోళ్లు లెక్కపెట్టించారట. ఇరవై ఉంటే లంకెబిందెలు ఖాయమట. ఈ జాతికి కాలికి మూడే గోళ్లు, వెరసి పన్నెండు. మిగతా ఎనిమిదీ లక్ష్మీదేవి వాయిదాల్లో ఇస్తుందేమో కనుక్కోండి.

ఈలోగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటుంది. గంగా మెత్తడిప్ప అందులో మొదటి షెడ్యూలు, పులి ఉన్న వరుస. 2022 సవరణ ప్రకారం జైలు 3 నుంచి 7 ఏళ్లు, జరిమానా 25 వేలకు తగ్గదు. ‘శ్రీకూర్మం గుళ్లో లేవా?’ అంటారు మీరు. అవి నేలమీద తిరిగే నక్షత్ర తాబేళ్లు స్వామీ, మీ తొట్టిలో వేస్తే మునిగి చస్తాయి.

2025లో ఋషికుల్య మొగలో దాదాపు 7 లక్షల సముద్ర తాబేళ్లు గుడ్లు పెడితే ‘మా గంజాం గర్వం’ అని స్టేటస్ పెట్టింది మీరే కదా? ఘోడాహాడ నీళ్లు కలిసేది ఆ ఋషికుల్యలోనే.

రాత్రికి రాత్రి ఏదో చెరువులో పడేయకండి, అటవీశాఖకు అప్పగించండి. ఆ రోజు మంచి పంచె కట్టుకోండి. ‘తాబేలును కాపాడిన దాత’ అని ఫొటో పడుతుంది.