ఐదో అధ్యాయంలో అంతా పారదర్శకమే

పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎం.ఏ. చేసేవాళ్లకు చివర్లో ఒక ప్రాజెక్టు ఉంటుంది. ప్రభుత్వం ఎలా నడుస్తుందో విద్యార్థికి స్వయంగా తెలిసిరావాలన్నది దాని ఉద్దేశం. ఆ ఉద్దేశం నూటికి నూరుపాళ్లూ నెరవేరుతోంది. అయితే అది ఆఫీసుల చుట్టూ తిరిగి కాదు, ప్రాజెక్టు తయారుచేసి.

మొదటి గండం టాపిక్. మన దగ్గర పథకం ఆయుష్షు ప్రభుత్వం ఆయుష్షే కాబట్టి, టాపిక్ ఎంచుకునేవాడికి కాస్త జాతకాలు చూడ్డం కూడా వచ్చుండాలి. తెలంగాణలో ధరణి భూరికార్డుల పోర్టల్ మీద సినాప్సిస్ ఇచ్చి, తీరిగ్గా రాద్దాంలే అనుకున్నవాడు 2025 ఏప్రిల్‌లో తలెత్తి చూస్తే అక్కడ భూభారతి ఉంది. ఆంధ్రలో ప్రజల ఫిర్యాదులు తీసుకునే స్పందన మీద రాస్తున్నవాడికి 2024లో అది పీజీఆర్ఎస్ అయి కూర్చుంది. అక్కడి గ్రామ, వార్డు వాలంటీర్ల మీద రాసినవాళ్ల ఊసెత్తకపోవడమే మర్యాద. అందుకే నాలుగు ప్రభుత్వాల్ని చూసిన గైడు "మీసేవ తీసుకోరా నాయనా" అంటాడు. 2011లో మొదలైంది, రాష్ట్రం రెండైనా బతికి బయటపడింది. అన్నిటికన్నా మంచిదాన్ని కాదు, పని గడిచిపోయేదాన్ని ఎంచుకుంటాడు మనిషి అని చెప్పిన హెర్బర్ట్ సైమన్‌కు 1978లో నోబెల్ ఊరికే ఇవ్వలేదు.

రెండో అధ్యాయం సిద్ధాంతాలది. మండలాఫీసులో కుల ధ్రువపత్రం ఎందుకు ఆలస్యమవుతుందో చెప్పాలన్నా ముందు అమెరికా వెళ్లి, 1887 నాటి ఉడ్రో విల్సన్ వ్యాసానికి దణ్ణం పెట్టుకుని, దారిలో జర్మనీలో బ్యూరోక్రసీ సిద్ధాంతకర్త వెబర్‌ను పలకరించి రావాలి. వీళ్లందరినీ సీనియర్ ప్రాజెక్టులోంచే దించుతారనుకోండి. కానీ యూజీసీ 2018లో నిబంధనలు పెట్టింది: పోలిక పది శాతం లోపుంటే సరే, నలభై దాకా పోతే సరిచేసి ఆరు నెలల్లో మళ్లీ ఇవ్వాలి. దాంతో పాపం విల్సన్ వాక్యాలు ఏటా ఒకసారి శీర్షాసనం వేస్తున్నాయి.

అసలు రసమంతా నాలుగో అధ్యాయంలో ఉంది. సర్వే! శాంపిల్ ఎప్పుడూ వందే, శాతాలు తీయడం సులువు కదా. రాత్రి పదింటికి హాస్టల్ గదిలో ముగ్గురు స్నేహితులు, రెండు రంగుల పెన్నులు, ఒక బిర్యానీ. ఒకడు సన్నకారు రైతవుతాడు, ఇంకొకడు రిటైర్డ్ టీచరవుతాడు. గడ్డం పెంచుకున్న కుర్రాడు వితంతు పింఛనుదారు పాత్రలో లీనమై "పూర్తిగా సంతృప్తి" దగ్గర టిక్కు పెడతాడు. తెల్లారేసరికి ప్రజాభిప్రాయం సిద్ధం. కాగితం మీద ఉన్నదానికీ జరుగుతున్నదానికీ పొంతన లేకపోవడాన్ని ఫ్రెడ్ రిగ్స్ ఫార్మలిజం అన్నాడని రెండో అధ్యాయంలో రాసింది వీళ్లే. రిగ్స్‌కు ఇంతకన్నా నికార్సయిన నిరూపణ ఎవరు చేసిపెడతారు?

ఇదంతా మోసం అంటారా? కోరం కోసం ఇంటింటికీ సంతకాల పుస్తకం తిప్పి గ్రామసభ జరిపించిన ఊరు ఒక్కటీ లేదని ముందు మీరు ప్రమాణం చేయండి.

నిజాయితీగా ఆఫీసుకు వెళ్లే పిల్లలూ ఉంటారు. ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని తేల్చారు అని అడిగితే గుమస్తాగారు "పైనుంచి లెటర్ తెచ్చుకో అమ్మా" అంటారు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. జవాబుకు 30 రోజుల గడువుంది. ప్రాజెక్టు గడువు మాత్రం 20 రోజులే. పాపం ఆ పిల్ల కూడా చివరికి హాస్టల్ గదికే వస్తుంది.

ఐదో అధ్యాయంలో సూచనలు. పారదర్శకత పెంచాలి, జవాబుదారీతనం పెంచాలి, ఖాళీలు నింపాలి, అనవసరపు సంతకాలు తగ్గించాలి, అన్నీ ఒకే కిటికీ దగ్గర జరగాలి. ఈ మాటలు రాసిన పుస్తకానికి నల్ల రెక్సిన్ అట్ట, దానిమీద బంగారు అక్షరాలు. దాన్ని సమర్పించడానికి గైడు సంతకం, హెచ్‌వోడీ సంతకం, ఒక్క పుస్తకమూ తీసుకోని లైబ్రరీ నుంచి నో డ్యూస్, తినని మెస్ నుంచి ఇంకో నో డ్యూస్. లోపల "ఇది నా సొంత కృషి" అని డిక్లరేషన్. కింద సంతకం ఒక్కటే అసలుది.

వైవాలో ఎగ్జామినర్ "శాంపిల్ ఎంత?" అంటారు. "వంద సార్." "గుడ్." అందరూ టీ తాగుతారు.

డిపార్ట్‌మెంట్ల పెద్దలకు ఒక్క మనవి. సర్వే ప్రశ్నావళుల మీద ఫోన్ నంబర్లు రాయించండి. వైవా రోజున వందలోంచి ఓ మూడు తీసి అక్కడికక్కడే ఫోన్ చేయండి. మూడూ ఒకే హాస్టల్ గదిలో మోగితే మార్కులు మాత్రం తగ్గించకండి. నివేదికలు పంపే ఉద్యోగానికి కుర్రాడు తయారైనట్టే.