సీ డ్రైవుకు చేప మందు

ఉబ్బసం ఉన్నవాళ్లు చేప మందు కోసం మృగశిర కార్తె దాకా ఆగాలి. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో గంటల తరబడి క్యూలో నిలబడి, నోట్లో పసుపుపచ్చ ముద్ద పెట్టిన కొరమేను పిల్లను బతికుండగానే మింగాలి. కంప్యూటర్లకు ఆ అవస్థ లేదు. వాటికి అన్ని కార్తెలూ ఒకటే. ఏ వీధిలో చూసినా హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ మింగించేస్తున్నారు. సిస్టం స్లోగా ఉందా? ఎస్‌ఎస్‌డీ. హ్యాంగ్ అవుతోందా? ఎస్‌ఎస్‌డీ. మీసేవ సర్వర్ పడుకుందా, ప్రింటర్ కాగితాలు నమిలేస్తోందా? ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి సార్, తర్వాత చూద్దాం. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి కర్మకాండ జరిగిపోయాక ఈ పూనకం మరీ ముదిరింది. వైద్యులు రెండు జట్లయ్యారు. మందు మోతాదు పెంచి అమ్ముతున్నది ఒక జట్టు. ఇక ఏ మందూ పనిచేయదు, రోగిని పారేసి కొత్త రోగిని కొనుక్కోండి అంటున్నది రెండో జట్టు. చిరాకు ఎక్కడంటే, ఈ మందు నిజంగానే పనిచేస్తుంది. చేప సంగతి నమ్మినవాళ్లకు వదిలేద్దాం. పనిచేస్తుందని లెక్కగట్టి చూపించగల మందులో కూడా ఇన్ని అబద్ధాలు రంగరించి పోయడమెందుకని నా గొడవ.

లెక్క చాలా చిన్నది. పాత డెస్క్‌టాప్‌లో ఉండే హార్డ్ డిస్క్ నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన ముక్క సూది కిందికి రావడానికి సగటున అందులో సగం, సూదిని మోసే చెయ్యి ఆ వరస దగ్గరికి జరగడానికి ఇంకో ఎనిమిదో తొమ్మిదో మిల్లీసెకన్లు. అంటే ఎంత చెమటోడ్చినా సెకనుకు వంద ముక్కలు కూడా తేలేదు. విండోస్ లేచి నిలబడాలంటే వేల ముక్కలు కావాలి, అన్నీ చిల్లరవే, తలో మూలా ఉన్నవే. కోర్టు రికార్డు రూములో ఒకే ఒక్క అటెండరును పెట్టి, ఒక్కో కాగితానికి ఒక్కోసారి పైఅరకు నిచ్చెన వేయించినట్టుంటుంది వ్యవహారం. పైన కూర్చున్న జడ్జిగారికి, అంటే ప్రాసెసర్‌కు, పనే లేదు. కాగితం వచ్చేదాకా ఫ్యాను వైపు చూస్తూ కూర్చుంటాడు. ఎస్‌ఎస్‌డీలో అటెండరూ లేడు, నిచ్చెనా లేదు. ఏ మూల నుంచైనా మిల్లీసెకనులో పదో వంతులో కాగితం బల్ల మీద ఉంటుంది. తోషిబాలో ఫుజియో మసువొకా అనే ఇంజినీరు 1980ల్లో కనిపెట్టిన ఫ్లాష్ చిప్ పుణ్యం ఇది. 2008లో ఇంటెల్ అమ్మిన 80 జీబీ ఎస్‌ఎస్‌డీ ధర 595 డాలర్లు కాబట్టి అప్పట్లో మన వీధుల దాకా రాలేదు. ఇప్పుడొచ్చింది. హార్డ్ డిస్క్ తీసి, అన్నిటికన్నా మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి బిగించి, విండోస్‌ను దాని మీదికి ఎక్కిస్తే పదేళ్ల నాటి డెస్క్‌టాప్ లేచి కూర్చుంటుంది. కథ ఇంతే. ఇక్కడితో ఆపితే అమ్మేవాడికి ఏం మిగులుతుంది?

అందుకే డబ్బా మీద అంకె పుట్టింది. 550 అట, 3500 అట, 7000 అట, ఇప్పుడు 14000 అట, సెకనుకు మెగాబైట్లు. జీతాల్లో కూడా లేని పెరుగుదల. ఈ అంకె అబద్ధం కాదు, అదే దాని మాయ. ఒకే పెద్ద ఫైలును మొదటి నుంచి చివరిదాకా ఏకబిగిన చదివితే వచ్చే వేగం అది. ఔటర్ రింగ్ రోడ్డు మీద అర్ధరాత్రి కారు ఎంత వేగంతో పోతుందో చూపించి, సాయంత్రం ఆరింటికి బషీర్‌బాగ్ చౌరస్తాలో ఎక్కించుకుని అబిడ్స్ జీపీవో దగ్గర అదే వేగంతో దించుతానన్నట్టు. కంప్యూటర్ రోజంతా చేసేది ఆ రెండో ప్రయాణమే: చిన్న ముక్క, ఆగు, ఇంకో చిన్న ముక్క, ఆగు. అలా ఒక్కొక్కటిగా అడిగినప్పుడు హార్డ్ డిస్క్ సెకనుకు ఒక్క మెగాబైటు కూడా ఇవ్వలేదు. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ ముప్ఫయ్యో నలభయ్యో ఇస్తుంది. డబ్బా మీద 7000 రాసుకున్న ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ అయినా ఎనభై, తొంభై దగ్గర ఆగిపోతుంది. అర నుంచి ముప్ఫై అయిదుకు దూకడం ఉంది చూశారూ, జనం కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది దానికే. ముప్ఫై అయిదు నుంచి ఎనభై అయిదుకు వెళ్లడం ఉత్తరాలు టైపు చేసుకునేవాడికి కంటికి ఆనదు. డబ్బా మీద పదమూడు రెట్లున్న తేడా బల్ల దగ్గరికొచ్చేసరికి రెండు రెట్లకు కుంగింది. ఆ రెండు రెట్లు కూడా రెప్పపాటులో సగం.

ఇంతకీ ఈ 7000తో ఏం చేయబోతున్నాం? నాంపల్లి కోర్టు చుట్టుపక్కల డీటీపీ దుకాణంలో తెలుగు అఫిడవిట్ టైపవుతుంది. దేనిలో? పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లలో. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ రాలేదు. అది పుట్టేనాటికి డెస్క్‌టాప్‌లో 256 ఎంబీ ర్యామ్ ఉంటే గొప్ప. అంత పాత సాఫ్ట్‌వేర్‌ను, ఒక పూటలో రాసి ముగించే నాలుగు పేజీల కాగితాన్ని, సెకనుకు 7000 మెగాబైట్ల రహదారి మీద ఊరేగిస్తున్నారు. ఎడ్లబండికి ఫాస్టాగ్ అంటించినట్టు. పైగా పదేళ్ల నాటి మదర్‌బోర్డులో ఈ ఎన్‌వీఎంఈ బిళ్ల దూర్చే స్లాటే చాలావాటికి ఉండదు. దానికో అడాప్టర్ కార్డు అమ్ముతారు. కార్డు బిగించాక చాలాసార్లు అందులోంచి బూట్ కాదు, ఎందుకంటే ఆ పాత బయోస్‌కు ఎన్‌వీఎంఈ అంటే ఏమిటో తెలియదు. అప్పుడు మదర్‌బోర్డు మార్చాలి, మదర్‌బోర్డుతో పాటు ప్రాసెసర్, ప్రాసెసర్‌తో పాటు ర్యామ్. ఎస్‌ఎస్‌డీ ఒక్కటీ వేయించుకుందామని వెళ్లినవాడు కొత్త క్యాబినెట్టు చంకన పెట్టుకుని ఆటో ఎక్కుతాడు. ఎస్‌ఎస్‌డీ మీద బిగించే అల్యూమినియం రెక్కల గురించి, ఎర్రగా నీలంగా వెలిగే దీపాల గురించి నేనేమీ అనను. దసరాకు ఆయుధపూజలో పెట్టుకోవడానికి బాగుంటాయి. అంకె పెద్దదిగా ఉండి ధర చిన్నదిగా ఉన్న సరుకులో ఇంకో తమాషా: పెద్ద ఫైళ్లు ఎక్కిస్తూ పోతే లోపలి క్యాష్ నిండేదాకానే ఆ అంకె, తర్వాత వేగం హార్డ్ డిస్క్ స్థాయికి దిగజారే రకాలూ ఉన్నాయి.

ఎస్‌ఎస్‌డీ బిగించి, విండోస్‌ను మాత్రం పాత హార్డ్ డిస్క్‌లోనే ఉంచి, ఎస్‌ఎస్‌డీకి డీ డ్రైవ్ అని పేరు పెట్టి పంపించే మహానుభావులు కూడా ఉన్నారు. చేపను మింగించకుండా మెడలో కట్టినట్టు.

సరే, ఇదంతా చిల్లర మాయ. అసలు మాయ చేసింది మైక్రోసాఫ్ట్. విండోస్ 11కు అర్హతలు ఒకసారి చదవండి. ప్రాసెసర్ ఇంటెల్‌దైతే కనీసం ఎనిమిదో తరంది కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, సెక్యూర్ బూట్ ఉండాలి, 4 జీబీ ర్యామ్ ఉండాలి. డిస్క్ సంగతేమిటి? 64 జీబీ చాలు. ఎస్‌ఎస్‌డీ ఉండాలన్న షరతు లేదు. అంటే రెండు కోర్ల సెలెరాన్ జీ4900కు 4 జీబీ ర్యామ్ తగిలించి, ఈసురోమంటూ తిరిగే హార్డ్ డిస్క్ పెట్టినా అది అర్హత గల అభ్యర్థే. 2017 జనవరిలో వచ్చిన నాలుగు కోర్ల ఐ7-7700కేకు 16 జీబీ ర్యామ్ ఇచ్చి, ఎస్‌ఎస్‌డీ వేసి, అది పది సెకన్లలో లేచి నిలబడ్డా పనికిరాదు, ఏడో తరం కాబట్టి. ఎనిమిదో తరం డెస్క్‌టాప్ చిప్‌లు అదే ఏడాది అక్టోబరులో వచ్చాయి. తొమ్మిది నెలల తేడాలో పుట్టుక తప్పింది. నాంపల్లిలోనే ఉన్న పబ్లిక్ సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్లలో వయోపరిమితి చూసి దశాబ్దాలుగా కడుపు మండించుకుంటున్నాం కదా. ఆ కమిషన్ కూడా పరీక్షలో పరుగెత్తగలిగినవాణ్ని బయట నిలబెట్టి, మంచం పట్టినవాడికి హాల్ టికెట్ ఇవ్వలేదు.

భద్రత కోసం అంటారు. భద్రత చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను. ప్యాచ్‌లు రాని కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు తగిలించడం తలుపు తీసి పడుకోవడమే. కానీ టీపీఎం 2.0 పనిచేసే ఆరో తరం, ఏడో తరం యంత్రాలు కోకొల్లలున్నాయి. వాటినీ గెంటేశారు, మరి అది ఏ భద్రత? విండోస్ 10కు ప్యాచ్‌లు తయారు చేయడం అసాధ్యమా అంటే, తయారు చేస్తూనే ఉన్నారు! 30 డాలర్లు కడితే 2026 అక్టోబరు 13 దాకా ఇస్తారు. డబ్బు లేదంటే మీ సెట్టింగులన్నీ వాళ్ల ఖాతాలోకి బ్యాకప్ చేస్తే ఇస్తారు, లేదా వాళ్ల రివార్డు పాయింట్లు వెయ్యి చూపిస్తే ఇస్తారు. పాయింట్లకు తాళం చెవి! సంస్థలైతే యంత్రానికి మొదటి ఏడాది 61 డాలర్లు, ఏటేటా రెట్టింపు. యూరప్‌లో వినియోగదారుల సంఘాలు నిలదీస్తే అక్కడి వాళ్లకు బ్యాకప్ షరతు లేకుండా ఉచితంగా ఇచ్చారు. ఇక్కడ ఎవరు నిలదీశారు? ఆ కంపెనీకి 1998 నుంచి హైదరాబాద్‌లో పెద్ద కార్యాలయం ఉంది, దాని అధినేత బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్నాడు. మనం అతని ఫొటో ఫ్లెక్సీలో వేసుకుని మురిసిపోయి, వెయ్యి పాయింట్లు పోగు చేసుకుంటున్నాం. ఇందులో వ్యంగ్యానికేమీ మిగల్లేదు. ఇది దోపిడీ. నిక్షేపంగా పనిచేస్తున్న యంత్రాన్ని, ఒక్క డిస్క్ మారిస్తే ఇంకో అయిదేళ్లు అన్నం పెట్టే యంత్రాన్ని, పుట్టిన తేదీ చూసి చెత్తలోకి నెట్టమంటున్నారు. పేజీకి ఇంతని టైపు చేసి బతికేవాడు ఆ చెత్తకు డబ్బు కట్టాలి. ఏసీ గదిలో కొనుగోలు ఫైలు మీద సంతకం పెట్టే పెద్దమనిషి జేబులోంచి పైసా కదలదు, అందుకే అతనికి కొత్త యంత్రాలే ముద్దు.

కొనుక్కోగలిగినవాళ్లు కొనుక్కుంటే నీకేం నొప్పి అని అడగొచ్చు. ఉంది. చిప్‌లు ఎవరి పెరట్లోనూ కాయవు. ఏఐ డేటా సెంటర్లు మెమరీనంతా మింగేస్తుండటంతో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ధరలు ఎగబాకాయి. మనలాంటివాళ్లకు క్రూషియల్ పేరుతో సరుకు అమ్మిన మైక్రాన్ ఆ వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ కూడా ఆచితూచి కొనాల్సిన రోజుల్లో 14000 అంకెకు దండం పెట్టడం కలిగినవాడి సరదా అని వదిలేయలేం. లినక్స్ వేసుకోవచ్చు కదా అని ఇంకొకరు అంటారు. బ్రౌజరు, ఉత్తరాలు మాత్రమే వాడేవాళ్లు హాయిగా వేసుకోవచ్చు, వేసుకోవాలి కూడా. పేజ్‌మేకర్‌కూ అను ఫాంట్లకూ తాళి కట్టిన దుకాణాలు యూనికోడ్‌లోకి మారేదాకా ఆ సలహా వాళ్ల చెవికెక్కదు.

ఎస్‌ఎస్‌డీ తొందరగా అరిగిపోతుందన్న భయం ఇంకోటి. 250 జీబీ రకానికి పేరున్న కంపెనీలు కొన్ని రాసిచ్చే హామీ 150 టెరాబైట్ల రాత. రోజుకు 20 జీబీ రాసినా ఏడాదికి ఏడు టెరాబైట్ల పైచిలుకు, అంటే ఇరవై ఏళ్లు. అంతకు ముందే దుకాణం అద్దె పెంచి మిమ్మల్ని ఖాళీ చేయిస్తారు. భయపడాల్సింది వేరే ఉంది, దాన్ని మాత్రం డబ్బా మీద ఎవరూ అచ్చేయరు. హార్డ్ డిస్క్ పోయే ముందు మూలుగుతుంది, టిక్కుటిక్కుమంటుంది, ఇంట్లో వాళ్లకు కబురు పెట్టే వ్యవధి ఇస్తుంది. ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు గుండెపోటు మాదిరిగా పోతుంది. సాయంత్రం షట్‌డౌన్ చేశాం, పొద్దున బయోస్‌లో పేరే కనిపించదు. చెరిగిపోయిన ఫైలును వెనక్కి తేవడం కూడా ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల దాదాపు కాని పని. మనవాళ్లు ఫైళ్లు పెట్టేది ఎక్కడ? డెస్క్‌టాప్ మీద. అది ఉండేది సీ డ్రైవులో. ‘కొత్త’, ‘కొత్త కొత్త’, ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘ఇదే అసలు ఫైనల్’ అన్నీ ఆ ఎస్‌ఎస్‌డీ ప్రాణం మీదే. వేగం గురించి అరగంట ఉపన్యసించే నోటికి బ్యాకప్ అన్న ముక్క పలకడం రాదు.

కాబట్టి యంత్రం స్లోగా ఉందనుకుంటే రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి, వారంటీ కాగితమున్న కంపెనీది, అంకెతో పని లేకుండా తీసుకోండి. సీ డ్రైవుగానే పెట్టించండి. తీసేసిన హార్డ్ డిస్క్‌ను మాత్రం దుకాణంలో వదిలిరాకండి. ఫార్మాట్ కొట్టేశాం సార్ అన్నంత మాత్రాన అందులో ఉన్నది చెరిగిపోదు. మీ దగ్గర టైపు చేయించుకున్న వాళ్ల ఆధార్ కాపీలు, అఫిడవిట్లు, విడాకుల కాగితాలు అందులో ఉన్నాయి.