నలభై ఆరు డిగ్రీల బావ

పుంగోల్‌లోనో సెంకాంగ్‌లోనో నాలుగు తెలుగు కుటుంబాలున్న ఏ బ్లాకుకైనా వెళ్లండి, ఒక డిగ్రీల బావ తగలకపోడు. పగలంతా ఏదో బ్యాంకుకు కోడు రాస్తాడు. రాత్రి పదయ్యాక రేసు కారు నడుపుతాడు. సొంత కారు లేదు, కొనే ఉద్దేశమూ లేదు. సింగపూర్‌లో కారు కొనాలంటే ముందు దాన్ని ఉంచుకునే హక్కును వేలంలో పాడుకోవాలి. దాని పేరు సీఓఈ, ఆయుష్షు పదేళ్లు. 2023 అక్టోబరులో చిన్న కార్ల విభాగంలోనే అది 1,06,000 డాలర్లకు ఎక్కింది. కారు ఖరీదు వేరే. ఆ వార్త చదివిన రాత్రే బావ కంప్యూటర్ రేసు గేముకని ఒక స్టీరింగు, మూడు పెడళ్లు, ఒక సీటు తెప్పించుకున్నాడు. కారులో మిగతా భాగాలు సీఓఈ కట్టేవాళ్లకు వదిలేశాడు.

కొత్త ప్రభుత్వ (హెచ్‌డీబీ) ఫ్లాట్లలో ఇనుప తలుపుతో ఒక బాంబ్ షెల్టర్ ఉంటుంది. బాంబులు పడనన్నాళ్లూ మనవాళ్లు అందులో ముస్తఫాలో కొన్న బియ్యం బస్తా, ఊరి నుంచి తెచ్చిన ఆవకాయ జాడీ, ఖాళీ సూట్‌కేసులు పెడతారు. బావ వాటన్నిటినీ హాల్లోకి నెట్టి రేసు సీటు బిగించాడు. లోపల ఏసీ లేదు. ‘ఇక్కడి గ్రాండ్ ప్రిలో డ్రైవర్లు ఒక్క రేసులో రెండు మూడు కిలోలు తగ్గుతారోయ్’ అంటాడు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. ఆయన మాత్రం తగ్గిన దాఖలా లేదు.

కాఫీకి పిలిచాడని వెళ్తే కాఫీ వెంటనే రాదు. ముందు మిమ్మల్ని ఆ సీట్లో కూర్చోబెడతాడు. అక్క కుట్టుమిషను డబ్బాలోంచి టేపు తీసి, ఒక కొస మీ కంటి పక్కన, రెండో కొస తెరకు ఆనిస్తాడు. ‘కదలకు. ఊపిరి తర్వాత పీల్చుకోవచ్చు.’ ఇరవై ఏడంగుళాల తెర అడ్డం కొలత దాదాపు 60 సెంటీమీటర్లు. కంటికీ తెరకూ మధ్య 70. అంటే తెర మీ కంట్లో ఆక్రమించే కోణం 46 డిగ్రీలు. గేమ్‌లో కారు ముందు ప్రపంచమూ 46 డిగ్రీలే కనపడాలి. తెర అంటే గోడకున్న కిటికీ, కిటికీలోంచి ఎంత కనపడుతుందో అంతే చూడాలి. ఇదీ ఆయన సిద్ధాంతం. లెక్క సరైనదే, వినేవాళ్లకే కాళ్లు తిమ్మిరెక్కుతాయి.

చిక్కల్లా ఏమిటంటే, అలా పెడితే కారు పాకుతున్నట్టుంటుంది. మనకు వేగం తెలిసేది ఎదురుగా ఉన్న దారి వల్ల కాదు. దూరాన నడిమధ్య ఉన్న బిందువు కదిలినట్టే ఉండదు. కంటి కొసల్లో వెనక్కి దూసుకుపోయే గోడలూ చెట్లూ స్తంభాలే వేగాన్ని చెబుతాయి. చాలా గేములు ఆ కొసల్ని కూడా చిన్న తెరలోకి ఇరికించి వెడల్పాటి కోణమే ఇస్తాయి. అప్పుడు వందలో పోతున్నా రెండొందల్లో పోతున్నట్టుంటుంది, ఒళ్లు ఝల్లుమంటుంది. కాకపోతే ఎదురుగా ఉన్నవన్నీ కుంచించుకుపోయి దూరం జరుగుతాయి. 1910 నాటి ఆండర్సన్ వంతెన దాటగానే ఎడమకు హెయిర్‌పిన్ మలుపు ఉంది, 2008లో ఎఫ్1 తొలి రాత్రి రేసు జరిగిన మరీనా బే దారిలో. వెడల్పాటి కోణంలో ఆ మలుపు ఇంకెక్కడో ఉన్నట్టు కనపడుతుంది. బ్రేకు తొక్కేలోపు గోడ వచ్చేస్తుంది. బావ ఆదివారాలు అక్కను షికారుకని ఆ వంతెన మీదికే తీసుకెళ్లి, ‘చూశావా, అసలు దూరం ఇదీ’ అంటాడు.

ఆయన కొడుకు మాత్రం కోణాన్ని తొంభైకి తిప్పుకుని నాన్నను ప్రతి ల్యాపులోనూ దాటేస్తాడు. ‘అబద్ధంలో గెలిచావురా’ అంటాడు బావ. వాడికి ఆ అబద్ధం చాలు.

ఈయనకు శిష్యులూ ఉన్నారు. ఒకాయన గురువుగారి అంకెను భక్తిగా అసెట్టో కోర్సాలో వేసుకున్నాడు. ఆ గేమ్ అడిగేది అడ్డం కోణం కాదు, నిలువు కోణం. వెయ్యాల్సింది 27. సంగతి తెలిసిన రోజు బావ అన్నం సరిగ్గా తినలేదు.

డబుల్ డెక్కర్ బస్సెక్కితే బావకు పై అంతస్తు మొదటి వరుసే కావాలి. ‘ఇక్కడ వేగం తెలీదు, ఎందుకో చెప్పు?’ కన్ను నేలకు ఎంత ఎత్తున ఉంటే నేల అంత నెమ్మదిగా జరిగినట్టుంటుందట. చెప్పడం పూర్తయ్యేసరికి దిగాల్సిన స్టాపు దాటిపోతుంది.

ఈలోగా అక్క డ్రైవింగ్ నేర్చుకుంటానంది. 2019 డిసెంబరు నుంచి ఇక్కడ లైసెన్సు కావాలంటే సిమ్యులేటర్ శిక్షణ తప్పనిసరి. బావ కూడా వెంట వెళ్లి, అక్కడి తెరల కోణం గురించి ఓ ఉద్యోగికి వివరించబోయాడు. ఆ ఉద్యోగి ఓపిగ్గా విని, ‘అంకుల్, నెక్స్ట్ ప్లీజ్’ అన్నాడు. అక్క పరీక్ష గట్టెక్కింది. ఏడాది ప్రొబేషన్ కూడా అయ్యాక ఓ శనివారం కారు అద్దెకు తీసుకుని చాంగి బీచికి బయల్దేరదీసింది. వెనక సీట్లో వాళ్లబ్బాయీ నేనూ.

ఈసీపీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాం. అక్క డెబ్బై దాటలేదు. బావ ఒక చేత్తో పైనున్న హ్యాండిల్, ఇంకో చేత్తో సీటు అంచు పట్టుకుని, లేని బ్రేకును కాలితో నొక్కుతున్నాడు.

‘నెమ్మదే, నెమ్మది! నూట యాభై దాటిస్తున్నావు!’

‘మీటరు చూడండి, అరవై ఎనిమిది.’

‘మరి ఈ చెట్లు ఇలా పరిగెడతాయేమిటి?’

‘నాన్నా, నీ కళ్లకు రెండు పక్కలా కనపడుతోంది కదా, అందుకు’ అన్నాడు వెనక నుంచి కొడుకు.

రెండు కళ్లూ కలిసి అటూ ఇటూ చూసేది 180 డిగ్రీలకు తక్కువుండదు. 46కు అలవాటుపడ్డ మనిషికి మిగతావన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. చాంగిలో దిగి కొబ్బరి నీళ్లు తాగాక గానీ ఆయన మాట్లాడలేదు. మాట్లాడాక ‘నా సిద్ధాంతం రుజువైంది’ అన్నాడు. అయిన మాట నిజమే, ఒప్పుకోవాలి.

మీ బ్లాకు బావ కాఫీకి పిలిస్తే వెళ్లండి. కాఫీ ఆలస్యమైనా బావుంటుంది. కళ్లజోడు ఉన్నవాళ్లు మాత్రం మర్నాడు సెలవుందో లేదో చూసుకుని వెళ్లండి. టేపు కంటికి ఆనించాలా, అద్దానికి ఆనించాలా అన్నది ఆయన ఇంకా తేల్చలేదు.