డిస్కులు పీకే సారు

కడప నుంచి ఏ రోడ్డు పట్టుకుని బయల్దేరినా ఎక్కడో ఒకచోట ఇంజనీరింగ్ కాలేజీ తగులుతుంది. అందులో ఒక కంప్యూటర్ ల్యాబు, ల్యాబు గుమ్మం ముందు చెప్పుల గుట్ట, లోపల ఒక లైనక్స్ సారు ఉంటారు. కాగితాల మీద ఆయన ల్యాబ్ టెక్నీషియన్. జీతం సంగతి అడక్కపోవడమే మర్యాద. అయినా హెచ్‌ఓడీ కూడా ఆయన్ని 'సార్' అనే పిలుస్తారు. ఆయన సర్వర్ దయ తలచకపోతే ల్యాబులో ఒక్క తెరా వెలగదు మరి.

గుర్తుపట్టడం తేలిక. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట స్క్రూడ్రైవర్ ఉంటుంది. కొత్త కంప్యూటర్లు వచ్చిన రోజు అందరూ కొబ్బరికాయ, కర్పూరం కోసం వెతుకుతుంటే, ఈయన అప్పటికే ఒకదాని పక్క రేకు విప్పి హార్డ్ డిస్కు పీకుతుంటారు. పీకిన డిస్కుకు నంబరు చీటీ అంటించి బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఆ బీరువా తీసి చూపమంటే మాట మారుస్తారు.

"డిస్కు లేకుంటే కంప్యూటర్ ఎట్ల నడుచ్చాది సార్?" అని ఫస్టియర్ పిల్లోడు అమాయకంగా అడిగాడంటే, ఆ పూట సారుకు టిఫిను లేదు, పిల్లోడికి ఇంటర్వెల్ లేదు.

"మన ఎండ సంగతి నీకు తెల్దా అప్పా? మే నెలలో మనుసులే హ్యాంగ్ అవుతారు. ఈ దుమ్ముకు ఫ్యాను బిగుసుకుంటాది. అది ఆగితే డిస్కు పాయ. ఇంతమందికి ఇన్ని డిస్కులు ఏంటికి? ఒక్క సర్వర్లో పెడితే సాలదా? ఒక్కసారి అప్‌డేట్ చేస్తే ల్యాబంతా అప్‌డేట్."

ఇందులో ఒక్క ముక్క కూడా తప్పు లేదు. మూలన పడేసిన పాత మిషన్లు కూడా ఆయన చేతిలో లేచి కూర్చుంటాయి. బాధల్లా ఏమిటంటే, ఆయన అంతటితో ఆపరు. మిషన్ ఎలా బూటవుతుందో నటించి చూపిస్తారు. పాత్రలన్నీ ఆయనే.

"స్విచ్ నొక్కినావు. మిషన్ లేసినాది. డిస్కు లేదు గదా, తానెవురో దానికే తెలీదు. నెట్‌వర్క్ కార్డులో పీఎక్స్‌ఈ అని చిన్న ప్రోగ్రాము ఒకటి ఉండాది. అది లేసి ఏమని అరుచ్చాది? 'ఏమప్పా! నాకెవురన్నా అడ్రసు ఇచ్చారా?'" ఈ అరుపుకు పక్క ల్యాబులో లెక్చరర్ తొంగి చూస్తారు. సారు వెంటనే గొంతు తగ్గించి, పెద్దమనిషిలా చేయి ఊపుతారు. "అప్పుడు డీహెచ్‌సీపీ సర్వర్ పలుకుతాది: 'ఇదో నీ ఐపీ. ఇదో నువ్వు అడగాల్సిన ఫైలు పేరు. పో.' ఆ ఫైలు ఇచ్చేది టీఎఫ్‌టీపీ. 1981 నాటి పద్ధతి, మీ నాయన కన్నా పెద్దది. పాస్‌వర్డు అడగదు, ఊరు పేరు అడగదు. పెండ్లి బంతిలో వడ్డించినట్టు 512 బైట్లు వేచ్చాది. 'ముట్టింది' అంటేనే ఇంకో 512."

అలా బూట్‌లోడరు, కెర్నలు ఒకదాని వెనక ఒకటి దిగుతాయి. కెర్నలు లేచి, ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా సర్వర్లోని ఫోల్డరును పట్టుకుని అదే తన సొంత డిస్కు అనుకుంటుంది. చదువుకోవచ్చు గానీ దాని మీద గీత గీసే హక్కు లేదు. రాసుకున్నదంతా ర్యామ్‌లోనే.

ఈ ఆఖరి మాట సారు నటనలో గబగబా వెళ్లిపోతుంది, పిల్లల చెవిన పడదు. గెస్టు లాగిన్‌తో కూర్చుని, ప్రోగ్రామంతా డెస్క్‌టాప్ మీద దాచుకుని, ఇంటికి పోయి హాయిగా నిద్రపోతారు. మర్నాడు వచ్చి చూస్తే డెస్క్‌టాప్ కడిగిన పలకలా ఉంటుంది. ఏడుపు మొహంతో వచ్చినవాడికి సారు ఓదార్పు ఒకటే: "మిషన్ అంత శుభ్రంగా లేసిందంటే సెటప్పు బాగుందని అర్థం."

కరెంటు పోయినప్పుడు చూడాలి ఆయన్ని. కడప బండ అరుగు మీద సర్వరొక్కటే యూపీఎస్ పట్టుకుని గుర్రుమంటుంటుంది. తక్కిన మిషన్లన్నీ ఠపీమని ఆరిపోతాయి. పక్క ల్యాబుల్లో డిస్కులు ఏమయ్యాయోనని ఉరుకులు పరుగులు. సారు మాత్రం కాళ్లు చాపుకుని, "పోయేదానికి మన దగ్గర ఏముండాదిలే" అంటారు.

చరిత్ర కూడా వదలరు. ఇలా డిస్కుల్లేని మిషన్ల కోసం జిమ్ మెక్‌క్విలన్ అమెరికాలో లైనక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్టు మొదలుపెట్టింది 1999లో, ఇంటెల్ పీఎక్స్‌ఈ 2.1 నిర్దేశాలు ప్రకటించిందీ ఆ ఏడాదే. ఈ రెండూ ఒక్క ఏడాదే రావడం వెనక ఏదో దైవసంకల్పం ఉందని ఆయన నమ్మకం. ఒకసారి ప్రాక్టికల్స్‌కు వచ్చిన ఎక్స్‌టర్నల్‌నే 'ఆ ఏడాది ఏది?' అని అడిగి, పాపం అతను నీళ్లు తాగేదాకా వదల్లేదు.

ఆయన జన్మశత్రువు వైఫై రౌటర్. క్రికెట్ చూడాలని స్టాఫ్ రూములో ఎవరో ఒకటి తెచ్చి గోడలోని సాకెట్‌కు తగిలిస్తారు. అదీ డీహెచ్‌సీపీ సర్వరే కదా, మిషన్ అరవగానే సర్వర్ కన్నా ముందు పలుకుతుంది. అడ్రసు ఇస్తుంది, ఫైలు పేరు మాత్రం చెప్పదు. తెర మీద పీఎక్స్‌ఈ-ఈ53 అని పడుతుంది. మన సారుకు ఈ నంబర్లు కంఠోపాఠం. ఈ51 అంటే ఎవరూ పలకలేదు, ఈ53 అంటే పలికారు గానీ ఫైలు పేరు చెప్పలేదు, ఈ61 అంటే కేబులు చూసుకో. ఈ53 కనిపించిందా, కేబుల్ వెంట నడుచుకుంటూ స్టాఫ్ రూములోకి వెళ్లి, అక్కడున్నవాళ్ల వయసూ హోదా చూడకుండా "ఈ డబ్బా ఎవురిది?" అంటారు. మ్యాచ్ ఆఖరి ఓవర్లో ఉన్నా సరే.

ప్రొద్దుటూరులో మేనకోడలి పెళ్లికి సెలవు పెట్టినప్పుడు, "అన్నీ రాసిపెట్టి పోండి సార్" అని హెచ్‌ఓడీ గట్టిగా చెప్పారు. సారు రాత్రంతా కూర్చుని వివరంగా రాశారు. సరిగ్గా ముహూర్తం వేళకు అటెండరు గది కడగాలని యూపీఎస్ ప్లగ్గు పీకాడు. తిరిగి పెట్టాడు, సర్వర్ లేచింది గానీ డీహెచ్‌సీపీ లేవలేదు. ల్యాబంతా ఈ51. అందరూ సర్వర్ చుట్టూ మూగారు. దాని నెత్తిన చక్కని అక్షరాలతో చీటీ ఉంది: 'పూర్తి వివరాలు సర్వర్లో చదవండి అనే ఫైలులో కలవు.'

మేళం మోతలో ఫోనులో మాట వినపడక, సారు పట్టుపంచె మీదే బస్సెక్కి వచ్చి, రెండు కమాండ్లు కొట్టారు. మిషన్లన్నీ లేచాయి.

"ఎంత చెప్పినా మీరు రాసిపెట్టలేదు గదా సార్" అన్నారు హెచ్‌ఓడీ.

సారు మనసు చివుక్కుమంది. గబగబా మొదటి వరస తెరలన్నిట్లో ఆ ఫైలు తెరిచి చూపించారు.

"రాయలేదా? ఏ మిషన్లో కావాలంటే ఆ మిషన్లో చదువుకోండి సార్!"