బదిలీలు లేని అల్లుడు

రాజమండ్రిలో పుట్టి, రాజమండ్రిలో చదివి, రాజమండ్రిలోనే ఉద్యోగం వెలగబెట్టి, అక్కడే రిటైరైన మనిషిని నేను. 2015లో ఊరి పేరు రాజమహేంద్రవరం అని మార్చారు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే నా జీవితంలో ఆ మాత్రం మార్పు కూడా ఉండేది కాదు.

దీన్ని ఇన్నాళ్ళూ త్యాగం కింద చెప్పుకుంటూ వచ్చాను. బ్యాంకులో గుమాస్తాగా చేరినవాడు ఆఫీసరు కావచ్చు. కానీ ప్రమోషన్ వెనకాలే బదిలీ వస్తుంది. అది గౌహతి కావచ్చు, పాట్నా కావచ్చు. గుమాస్తాగానే ఉండిపోతే ఎంత పెద్ద బదిలీ అయినా దేవీచౌక్ నుంచి దానవాయిపేట దాకానే. అడిగిన ప్రతిసారీ నేను వద్దనే రాసిచ్చాను. ఎందుకన్నవాళ్ళకి "అమ్మ ఒక్కతే అయిపోతుందండీ" అని గొంతు తగ్గించి చెప్పేవాణ్ణి. అమ్మేమో పక్కింటావిడతో "వీడు కూడా ఎక్కడికన్నా వెళ్తే కాశీ చూసొద్దును" అనేది. అసలు సంగతి ఏమిటంటే, మధ్యాహ్నం ఇంటికొచ్చి వేడన్నం తిని ఓ కునుకు తీసే వీలు పాట్నాలో ఉండదు. నా దగ్గర లెడ్జరు పని నేర్చుకున్న కుర్రాడు దేశమంతా తిరిగి, చివరికి మా బ్రాంచికే చీఫ్ మేనేజరుగా వచ్చాడు. "గురువుగారూ" అంటూనే నా సెలవు చీటీ పక్కన పెట్టేవాడు.

సొంతూళ్ళో అందరూ తెలిసినవాళ్ళే. లాభమూ అదే, నష్టమూ అదే. పైగా అక్కడ మనిషికి వయసు రాదు. జుట్టంతా తెల్లబడ్డాక కూడా లెక్కల మాస్టారు మెయిన్ రోడ్డు మీద ఆపి, "ఒరేయ్, నువ్వు బ్యాంకులో ఎలా నెట్టుకొచ్చావురా?" అంటారు. పక్కన ఎవరున్నారో చూసుకోరు.

మా అన్నయ్య కూకట్‌పల్లిలో ఉంటాడు, తమ్ముడు డల్లాస్‌లో. ఇద్దరిదీ ఒకటే పాట: "నువ్వు ఎలాగూ అక్కడే ఉన్నావుగా." ఎలాగూ అక్కడే ఉన్నాను కాబట్టి ఇంటిపన్ను నాది, పాసుపుస్తకాలు నావి, అద్దె ఎగ్గొట్టినవాళ్ళు నావాళ్ళు, ఆవకాయ జాడీ కారకుండా అమెరికాకి పంపే బాధ్యతా నాదే. ఆలమూరు వైపు మాకు చిన్న కొబ్బరితోట ఉంది. దింపు అయిన సాయంత్రమే డల్లాస్ నుంచి ఫోనొస్తుంది. వాడు అంబాజీపేట మార్కెట్ ధర ముందే చూసుకుని చేస్తాడు. "కాయలు తగ్గాయేంటి అన్నయ్యా?" అంటాడు, నేను తోటలోనే కూర్చుని తాగేసినట్టు. అలా ఒకటి రెండు తాగిన మాట నిజమే.

వరదలప్పుడు మాత్రం నా హోదా పెరుగుతుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు నేను గంభీరంగా వల్లిస్తుంటే అన్నదమ్ములిద్దరూ ఊపిరి బిగబట్టి వింటారు. ఆ సమయంలో నేను కోరుకొండ రోడ్డులో, కాలి గోరు కూడా తడవకుండా, మిరపకాయ బజ్జీ తింటుంటాను. మునిగేవి లంకలు. గొడ్డూగోదాతో పడవలెక్కేది ఆ ఊళ్ళవాళ్ళు. గోదావరి బిడ్డనని చెప్పుకునే పని మటుకు నాది.

ఇక పుష్కరాలు. గురుడు సింహరాశిలో అడుగుపెడితే గోదావరికి పుణ్యం, గోదావరి ఊళ్ళో ఇల్లున్నవాడికి చుట్టాలు. 2003లో మా ఇంట్లో దిగినవాళ్ళలో సగంమందిని నేను అంతకుముందు చూసి ఎరగను. "మీ నాన్నగారి మేనత్త తోడికోడలి వైపు" అంటూ ఒకాయన సకుటుంబంగా ఆటో దిగాడు. ఆ చుట్టరికాన్ని మా అమ్మ కూడా తేల్చలేకపోయింది. నేనైతే అందరినీ వెంటేసుకుని కోటిలింగాల రేవు చూపించాను, గౌతమీ గ్రంథాలయం చూపించాను. హేవలాక్ వంతెన 1900 నాటిదనీ, 1997లో దాని మీద రైళ్ళు ఆపేశారనీ ఉపన్యాసం ఇచ్చి, తలో రోజ్ మిల్క్ తాగించాను. "మీరు ఊళ్ళో ఉండబట్టి సరిపోయింది" అని వాళ్ళంటే వినయంగా నవ్వాను.

ఇంట్లో మాత్రం తెల్లవారుజామున మూడింటికే లేచి, చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని, పిండాలకి నువ్వులూ బియ్యప్పిండీ ఎవరి పొట్లం వాళ్ళకి కట్టి, బంతుల మీద బంతులు వడ్డించింది మా ఆవిడ. మా ఆవిడది ప్రొద్దుటూరు.

సంబంధం మాట్లాడినప్పుడు మధ్యవర్తికి నాలో కనిపించిన సుగుణం ఒక్కటే: "అబ్బాయికి బదిలీలుండవు." మామగారు "యాడికీ పోడంటనా? అయితే సరే" అని అక్కడికక్కడే ఖాయం చేసేశారట. నేను కదలకుండా ఉండాలంటే ఆ పిల్ల కడప జిల్లా నుంచి తూర్పు గోదావరికి కదలాలన్న సంగతి ఎవరికీ వింతగా అనిపించలేదు. నాకైతే బదిలీ భత్యం, సామాను ఖర్చు, చేరడానికి గడువు ఇచ్చేవాళ్ళు. ఆమెకి అవేవీ లేవు. పెళ్ళయిన వారంలోనే వచ్చి జాయినై, మా అమ్మ దగ్గర ప్రొబేషన్ మొదలుపెట్టింది.

మా ఇంట్లో పులుసులో బెల్లం వేస్తారు, పచ్చడిలోనూ వేస్తారు, దేంట్లోనన్నా మర్చిపోతే పైనుంచి వేస్తారు. మొదటిరోజు ఆమె కంచం వంక చూసి, ఇది భోజనమా ప్రసాదమా అన్నట్టు నా వంక చూసింది. తర్వాత ఎప్పుడూ ఏమీ అనలేదు. వంటింట్లో ఒక కారం డబ్బా మాత్రం వేరే పెట్టుకుంది. నా సంగతి వేరు. సంక్రాంతికి ప్రొద్దుటూరు వెళ్తే రాగిసంగటి, ఊరిబిండి వడ్డించి బావమరిది "ఇంగ రోంత ఏసుకో బావా" అంటాడు. రెండోపూటకల్లా నేను పెరుగన్నంలోకి దిగిపోయి, తిరుమల ఎక్స్‌ప్రెస్ టికెట్టు ముందుకి జరపడం కుదురుతుందేమో అని ఫోన్లో వెతుక్కుంటూ ఉంటాను.

రిటైర్మెంటు సభలో శాలువా కప్పారు. "ప్రమోషన్లు వదులుకున్నాను గానీ ఊరు వదల్లేదు" అన్నాను. చప్పట్లు మోగాయి. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మా ఆవిడ శాలువా మడతపెడుతూ, "బాగానే ఉంది. ఊరు వదిలినవాళ్ళకి కూడా ఒకటి ఇచ్చుంటే బాగుండేది" అంది.

పోనీ ఊళ్ళో నాకున్న పలుకుబడి అన్నా మిగిలిందా అంటే, అదీ లేదు. కూరగాయల మార్కెట్లో నన్ను "ప్రొద్దుటూరు అక్కగారి ఆయన" అంటారు. కడియం నుంచి మొక్కలబండి తెచ్చే అతను ఆమెకి గులాబీ అంటు ఊరికే ఇచ్చి, నాకు ధర చెబుతాడు.

ఈ మధ్య ఆమె ఒక ప్రతిపాదన పెట్టింది. ఉద్యోగం లేదు, అత్తయ్య లేరు, పిల్లాడు బెంగళూరులో ఉన్నాడు. రెండేళ్ళు ప్రొద్దుటూరులో ఉందామంది. వాళ్ళ నాన్నగారి ఇల్లు ఖాళీగానే ఉంది. నేను మిద్దె ఎండ, నీళ్ళు, నా బీపీ, కొబ్బరి దింపు అన్నీ ఏకరువు పెట్టాను. దేనికీ చలించకపోయేసరికి అసలు అస్త్రం తీశాను.

"2027లో పుష్కరాలున్నాయి. అంతమంది చుట్టాలొస్తే ఇంట్లో మనం లేకపోతే ఏం బాగుంటుంది?"

"అవయ్యాకే వెళ్దాం."

"అవయ్యాక తప్పకుండా," అన్నాను.

"అవయ్యాక మరుసటేడు అంత్య పుష్కరాలంటారు కదండీ మీరు," అంది.

నాకు ఆ సంగతి తట్టనే లేదు. నిజమే, అవి కూడా ఉన్నాయని వెంటనే ఒప్పుకున్నాను.