వియ్యాలవారి మర్యాదలు

ఢిల్లీ పెద్దలు తెలంగాణకు హర్యానాతో సంబంధం కుదిర్చారు. ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్ దక్కింది. 2015 అక్టోబరు 31న, పటేల్ జయంతినాడు, ప్రధాని ప్రకటించిన, రాష్ట్రాలను జతకట్టే 'ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్' పథకం మహిమ ఇది. జాతకాలు ఎవరు చూశారో గానీ, బడుల్లో, కాలేజీల్లో వియ్యాలవారి మర్యాదలకు లోటు లేదు. ఘాగ్రాలు అద్దెకు తెచ్చి ఆడపిల్లల చేత ఘూమర్ ఆడిస్తారు. చూర్మా చేసి, తినేముందు ఫొటో తీస్తారు. ఫొటో పైవాళ్లకు చేరితే చాలు, రెండు సంస్కృతులు కలిసిపోయినట్టే. సభలో హర్యానా మనిషి ఒక్కడైనా ఉండాలన్న నియమం లేదు. లేకపోవడమే మంచిది, చూర్మా రుచి చూసి ఏమంటాడో!

అలాంటి ఓ కాలేజీ వెనక కొత్త భవనానికి ఇటుకలు మోస్తున్నది ఒడిశావాళ్లు. ఆ పూట వడ్డించిన అన్నం తాలూకు బస్తాలు మిల్లులో ఎత్తింది బీహార్ హమాలీలు. వాళ్లను వేదిక ఎక్కించరేం? ఎక్కిస్తే చిక్కు. వాళ్లు ఛఠ్ పండక్కి సెలవడుగుతారు, బకాయి కూలి అడుగుతారు, అద్దెకు గది అడుగుతారు. ఘాగ్రా ఏమీ అడగదు.

వాళ్లకు మర్యాదే జరగలేదంటే అబద్ధమవుతుంది. 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలను సొంతూళ్లకు చేర్చే దేశంలోనే తొలి శ్రామిక్ రైలు మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు కదిలింది. వారం తిరిగేసరికి అదే స్టేషన్లో, బీహార్ నుంచి దిగిన మిల్లు కూలీలకు మంత్రిగారే వచ్చి గులాబీలిచ్చి ఎదుర్కోలు పలికారు. ఏం చేస్తాం, యాసంగి ధాన్యం మిల్లుల ముందుకొచ్చి కూర్చుంది మరి! ఆకలి చేయించలేని మర్యాద వడ్లు చేయించాయి.

వేరే రాష్ట్రం నుంచి తెచ్చిన కూలీకి ఫొటో అంటించిన పాసుపుస్తకం ఇవ్వాలని, అందులో కూలి వివరాలు అతని సొంత భాషలోనూ ఉండాలని 1979లోనే చట్టం చేశారు. పొట్టకూటికి వచ్చినవాడి భాషను గౌరవించమని ఇంత సూటిగా చెప్పిన కాగితం ఇంకోటి ఉందా? దాన్ని మాత్రం ఏ వార్షికోత్సవంలోనూ ప్రదర్శించరు. ఇటుక బట్టీల పక్కన ఒడియా బడులు నడిపి, ఒడిశా పంతుళ్లనే రప్పించి పిల్లలకు చదువు చెప్పించినవాళ్లూ ఈ రాష్ట్రంలో ఉన్నారు. వాళ్లకు డ్యాన్సు రాదు కాబోలు, ఎవరూ పట్టించుకోలేదు.

అందుకే నాదొక మనవి. ఈసారి పోటీ పిల్లలకు వద్దు, కాంట్రాక్టర్లకు పెట్టండి. కూలీ ఖాతాను అతని భాషలో అతనికే చదివి వినిపించాలి, బాకీ తేలితే అక్కడికక్కడే చెల్లించాలి. న్యాయనిర్ణేత కూలీయే. గెలిచినవాడికి లక్ష రూపాయలు నా జేబులోంచి ఇస్తాను. నా లక్షకు ఢోకా లేదని నాకు గట్టి నమ్మకం.