జైలుకి గంట, బీచ్‌కి మూడు రోజులు

అండమాన్ వెళ్లొచ్చామని చెప్పే కుర్రాళ్లని నేనొక్కటే అడుగుతాను. సెల్యులార్ జైలు గదులకి గడియ ఎక్కడుంది? తెల్లమొహం వేస్తారు. తలుపు మీద కాదు నాయనా, పక్క గోడలో గూడు తొలిచి, ఊచల్లోంచి చెయ్యి చాచినా అందనంత దూరంలో పెట్టాడు తెల్లవాడు. అది చూడకుండా జైలు చూడ్డమేమిటి? స్కూబాకి ఎంతైందో మాత్రం పైసలతో సహా చెబుతారు.

మా రోజుల్లో విశాఖలో ఓడెక్కితే పోర్ట్ బ్లెయిర్ చేరేసరికి రెండు పగళ్లూ రెండు రాత్రుళ్లూ పైమాటే. బంక్ క్లాసులో పడక, ఆగని డోకులు, రెండోనాటికి వాసనేసే పులిహోర. చుట్టూ శ్రీకాకుళం వాళ్లు, చేపల వేటకీ మేస్త్రీ పనికీ పోతున్నవాళ్లు. “జైలు సూడ్డానికా బావూ? ఎండెక్కకముందే ఎల్లండి,” అని చెప్పేవారు. ఖైదీల్ని సంకెళ్లతో సముద్రం దాటించడమంటే ఏమిటో, సంకెళ్లు లేని మాకే కడుపులో తిప్పి తెలిసొచ్చేది. ఇప్పుడు చెన్నైలో విమానమెక్కితే రెండుగంటల చిల్లర. సుఖమే, కాదనను. నా మోకాళ్లకీ అదే మేలు. కానీ దిగిన సాయంత్రమే జైలు ఓ గంటలో ముగించి, లైటూ సౌండూ షోలో సగంసేపు ఫోను చూసుకుని, తెల్లారగానే హేవ్‌లాక్ దీవికి పడవెక్కెయ్యడమే నా ఒళ్లు మండించేది.

1896లో మొదలుపెట్టి 1906కి పూర్తిచేసిన కట్టడం అది. నడుమ గోపురం, చుట్టూ ఏడు రెక్కలు, మూడేసి అంతస్తులు, దాదాపు ఏడొందల గదులు. ఒక రెక్క ముందువైపుకి ఎదురుగా పక్క రెక్క వీపు ఉంటుంది. ఖైదీకి ఖైదీ మొహం కనపడకూడదని లెక్కగట్టి కట్టారు. కింద షెడ్డులో గానుగ. రోజుకి 30 పౌండ్ల కొబ్బరినూనె తియ్యాలి, తియ్యలేకపోతే దెబ్బలు. ఇప్పుడక్కడ గానుగ తిప్పుతున్న మనిషి బొమ్మ పెట్టారు. దాని భుజం మీద చెయ్యేసి పళ్లికిలించి సెల్ఫీలు! 1933 నిరాహారదీక్షలో బలవంతంగా పాలు పట్టబోతే ఊపిరితిత్తుల్లోకి పోయి మహావీర్ సింగ్ చనిపోయింది ఈ జైల్లోనే. ఆ సంగతి గైడు చెబుతూనే ఉంటాడు. మనవాళ్లు ఐస్‌క్రీం బండి ఎక్కడుందని అడుగుతారు.

అలాగని మా తరాన్నీ వెనకేసుకు రాను. ఏడు రెక్కల్లో మిగిలింది మూడే. కొన్నిటిని యుద్ధంలో దీవుల్ని ఆక్రమించిన జపానువాళ్లు పడగొట్టి ఇటుకలు పట్టుకుపోయారు. మిగతావి స్వాతంత్ర్యం వచ్చాక మనమే కూల్చి, ఆ జాగాలో ఆసుపత్రి కట్టుకున్నాం. బతికున్న పాత ఖైదీలు గోల పెడితేగానీ మిగిలినవి నిలవలేదు. జాతీయ స్మారకమని ప్రకటించింది 1979లో.

ఇక రాస్ దీవి. తెల్లదొరల రాజధాని. చర్చి, బేకరీ, డ్యాన్సులాడే హాలు, అన్నీ ఉండేవి. 1941 భూకంపం, మరుసటేడు జపాను దండు వచ్చేసరికి ఖాళీ అయిపోయింది. గోడల్ని మర్రిజాతి వేళ్లు పట్టేశాయి. మేము చెమటలు కక్కుతూ ఒక్కో గోడ దగ్గరా నిలబడి, ఇదేమై ఉంటుందని వాదించుకునేవాళ్లం. ఇప్పుడు బ్యాటరీ బండెక్కి గిర్రున తిరిగొచ్చి, జింకతో ఫొటో దిగుతారు.

పేర్లూ మారాయి. 2018లో రాస్‌కి నేతాజీ పేరు పెట్టారు, హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్, నీల్ దీవి షహీద్ ద్వీప్ అయ్యాయి. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురమైంది. మంచిదే. 1943 డిసెంబరు 30న నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేశాడనీ, షహీద్, స్వరాజ్ అన్నవి ఆయన ఈ దీవులకి పెట్టిన పేర్లేననీ రాధానగర్ బీచ్‌లో కొబ్బరిబొండాం తాగేవాళ్లలో ఎందరికి తెలుసు? ఆ జెండా ఎగిరిన నెల్లాళ్లకే, 1944 జనవరి 30న, హంఫ్రీగంజ్‌లో జపానువాళ్లు గూఢచారులన్న నెపంతో 44 మందిని కాల్చి పాతిపెట్టారు. అక్కడ స్మారకం ఉంది. నా దగ్గరికొచ్చిన ఏ ప్యాకేజీ కాగితంలోనూ అది లేదు. ప్యాకేజీ వాణ్నని లాభమేముంది, అడిగేవాళ్లుంటేగా!

మనవాళ్లూ ఆ దీవులకి శిక్షపడి వెళ్లారు. కాకినాడ బాంబు కేసులో భయంకరాచారి గారు, అల్లూరి వెంట నడిచిన గాం మల్లుదొర. మల్లుదొర శిక్ష అనుభవించి తిరిగొచ్చి 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాడు. జైలు గోపురంలో ఖైదీల పేర్లు రాతిపలకల మీద చెక్కి ఉంటాయి. ఈసారి వెళ్తే ఒక పూట జైలుకి వదిలి, పిల్లల చేత ఆ పేర్లు పైకి చదివించండి. స్కూబా మర్నాడు చేసుకోవచ్చు.